పీఎస్టీ-1 కొయ్యని బ్యాండ్: పీకేఎం స్ప్లైసింగ్ కొలత, పదకొండు వారాల డైరీ

ల్యాబ్ మీటింగ్‌లో పీకేఎం1 అనే రకం వాటా 21 శాతం అని చెప్పాను. కొన్ని వారాల తర్వాత అదే గదిలో నిలబడి, అది 11.5 అని సరిదిద్దుకున్నాను. శాంపిల్ మారలేదు, ఎంజైమ్ పాడవలేదు. తప్పు ఎక్కడ దూరిందో కనిపెట్టడానికే ఎక్కువ రోజులు పట్టింది. ఇదే పని మొదలుపెట్టే ఇంకొకరికి ఆ రోజులు మిగలాలని రాస్తున్నాను. మాది హిందూపురం, ల్యాబ్ బెంగళూరులో, హెబ్బాళ దాటాక. ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ని.

కొలిచేది ఏమిటి

పీకేఎం (పైరువేట్ కైనేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేసే జన్యువు)లో 12 ఎక్సాన్లు, అంటే చివరి ఆర్ఎన్ఏలో మిగిలే ముక్కలు, ఉన్నాయి. ఆర్ఎన్ఏ నకలు తయారయ్యాక నడుమ ఉన్న ఇంట్రాన్లు తెగిపోయి ఎక్సాన్లు అతుక్కుంటాయి, అదే స్ప్లైసింగ్. అయితే 9, 10 ఎక్సాన్లు రెండూ ఒకే బెర్త్‌కి టికెట్ కొన్న ప్రయాణికులు. ఒకరు ఎక్కితే ఇంకొకరు ప్లాట్‌ఫాం మీదే ఉండిపోవాలి. 9 ఎక్కితే పీకేఎం1, 10 ఎక్కితే పీకేఎం2. రెండు ప్రోటీన్లలోనూ 531 అమైనో ఆమ్లాలే, తేడా 22 చోట్ల. ఆ కాస్త తేడాకే గుణం మారిపోతుంది. పీకేఎం1 ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. పీకేఎం2 మాత్రం ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫేట్ వచ్చి తడితే చురుకవుతుంది. కండరంలో, మెదడులో మొదటిది ఎక్కువ. వేగంగా విభజన చెందే కణాల్లో, చాలా కేన్సర్ కణాల్లో రెండోది ఎక్కువ.

మా ప్రశ్న చిన్నది. హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే కేన్సర్ కణాలు) పీటీబీపీ1 అనే ప్రోటీన్‌ని తగ్గిస్తే పీకేఎం1 వాటా ఎంత పెరుగుతుంది? 9వ ఎక్సాన్‌ని అణచిపెట్టేవాటిలో పీటీబీపీ1 ఒకటి, హెచ్ఎన్ఆర్ఎన్‌పీ-ఏ1, ఏ2 మరో రెండు. పెరుగుతుందని ముందే తెలుసు, 2010లోనే ప్రచురించారు. మాకు కావలసింది మా చేతుల్లో నమ్మదగిన కొలత.

చిక్కు ఏమిటంటే ఎక్సాన్ 9, ఎక్సాన్ 10 రెండూ సరిగ్గా 167 బేస్‌లే. పీసీఆర్ (కావలసిన డీఎన్ఏ ముక్కకి నకళ్లు పెంచడం) చేస్తే రెండు రకాలూ ఒకే సైజులో వస్తాయి. అందుకే అందరూ చేసేది కోత. 10లో పీఎస్టీ-1 అనే డీఎన్ఏని కోసే ఎంజైమ్‌కి చోటు (సీటీజీసీఏజీ) ఉంది, 9లో లేదు. 9లో ఎన్‌కో-1 అనే ఇంకో ఎంజైమ్ కోసే చోటు ఉంది. 8వ ఎక్సాన్‌లో ఒక ప్రైమర్ (నకలు మొదలయ్యే చోటుని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్క), 11వ దాంట్లో ఒకటి పెట్టుకున్నాను. నా ప్రైమర్లతో సైజులు (బేస్‌లలో):

- కొయ్యకముందు: 430
- పీకేఎం2, పీఎస్టీ-1తో: 250 + 180
- పీకేఎం1, ఎన్‌కో-1తో: 226 + 204

దశ 1: ఆర్ఎన్ఏ (1, 2 వారాలు)

మా సెల్ కల్చర్ గది వేరే బిల్డింగ్‌లో ఉంది, ఆటోలో పావుగంట. కణాలని ట్రిప్సిన్‌తో లేపి, స్పిన్ చేసి, పెల్లెట్లని ఐస్ మీద పెట్టి థర్మోకోల్ డబ్బాలో తెచ్చాను. సాయంత్రం, వాన, హెబ్బాళ ఫ్లైఓవర్ కింద గంటా ఇరవై నిమిషాలు కదల్లేదు. డబ్బా నా ఒళ్లో, ఐస్ నీళ్లయింది. ఆర్ఎన్ఏ తీసి జెల్ మీద చూస్తే 28ఎస్ బ్యాండ్ 18ఎస్ కన్నా (రెండూ రైబోసోమ్ ఆర్ఎన్ఏలే) పలచగా ఉంది, దాని కింద పొగలాగా జారుడు. 28ఎస్ దాదాపు రెట్టింపు వెలుగుతో ఉండాలి.

రెండోసారి తెల్లవారుజామున వెళ్లి అదే పద్ధతిలో తెచ్చాను. కాస్త నయం, అంతే. మూడోసారి అసలు పెల్లెట్ చేయడమే మానేశాను.

1. కల్చర్ గదిలోనే మీడియం తీసేసి, ప్లేట్ మీదే ఒక్కో వెల్‌కి 1 మి.లీ. ట్రైజాల్ పొయ్యాలి. ఫ్యూమ్ హుడ్‌లో, గ్లవ్స్‌తో. ఇందులో ఫీనాల్ ఉంటుంది.
2. ట్యూబుల్లోకి ఎత్తి, అలాగే ల్యాబ్‌కి తేవాలి. కణాలు ట్రైజాల్‌లో కరిగాక ఆర్ఎన్ఏని తినే ఎంజైములు పనిచేయవు. ట్రాఫిక్ ఎంతున్నా పర్వాలేదు.
3. 0.2 మి.లీ. క్లోరోఫామ్ కలిపి, 12,000 జీ దగ్గర 15 నిమిషాలు స్పిన్, 4 డిగ్రీలు.
4. పైపొర తీసి 0.5 మి.లీ. ఐసోప్రొపనాల్. తర్వాత 75 శాతం ఇథనాల్‌తో వాష్.
5. వాష్ ఒకటి కాదు, రెండు. ఒక్కటి చేసినప్పుడు 260/230 నిష్పత్తి (శుభ్రతకి గుర్తు) 0.9 వచ్చింది, రెండు చేశాక 1.8.

ఇంకో మాట. మూతల మీద మార్కర్‌తో రాస్తే ఇథనాల్ తగిలి చెరిగిపోతుంది. రెండు ట్యూబులు ఏవో తెలియక పారేశాను.

ఇప్పటికి: ఆర్ఎన్ఏ తీతలు 3, పనికొచ్చినది 1, జెల్లు 4.

దశ 2: సీడీఎన్ఏ, పీసీఆర్ (3వ వారం)

ఇక్కడ పెద్దగా చెప్పడానికి లేదు. మిగిలిన డీఎన్ఏ పోవడానికి డీఎన్ఏజ్ వేశాను, 1 మైక్రోగ్రామ్ ఆర్ఎన్ఏ తీసుకున్నాను, ఓలిగో-డీటీ ప్రైమర్‌తో దానికి డీఎన్ఏ నకలు (సీడీఎన్ఏ) చేశాను. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ వెయ్యని ట్యూబు ఒకటి ప్రతి సెట్‌లోనూ పెట్టాను, అందులో ఏమీ రాలేదు. పీసీఆర్ 35 సైకిళ్లు. ఆ 35 ఎందుకు అని ఎవరూ అడగలేదు, నేనూ ప్రశ్నించుకోలేదు. ల్యాబ్‌లో పాత ప్రోటోకాల్ షీట్ మీద అదే ఉంది.

430 దగ్గర ఒకే బ్యాండ్ వచ్చింది, బాగా లావుగా, మెరుస్తూ. అంత లావు బ్యాండ్‌ని చూసి సంతోషపడటమే తప్పని తర్వాత అర్థమైంది.

దశ 3: మొదటి కోత, మొదటి అంకె (4వ వారం)

పీటీబీపీ1కి ఎస్ఐఆర్ఎన్ఏ (దాన్ని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏ) ఇచ్చిన కణాలు, ఇవ్వనివి. రెండింటి పీసీఆర్‌నీ పీఎస్టీ-1తో 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు కోసి, 2.5 శాతం అగరోజ్ జెల్ మీద నడిపి, ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో బ్యాండ్ల వెలుగు కొలిచాను.

- ఇవ్వనివి: కొయ్యకుండా మిగిలింది 8 శాతం
- ఇచ్చినవి: కొయ్యకుండా మిగిలింది 21 శాతం

కొయ్యనిదంతా పీకేఎం1 అనుకున్నాను. ఎంజైమ్ సరిపోలేదేమోనని రెట్టింపు వేసి రాత్రంతా ఉంచినా అదే 21. కోత పూర్తయిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? మీటింగ్‌లో చెప్పేశాను. సార్ తల ఊపి ఒకటే అడిగారు: "ఎన్‌కోతో చూశావా?" ఫ్రీజర్‌లో లేదు సార్, ఆర్డర్ పెడతాను అన్నాను. నిజానికి అవసరం లేదనుకున్నాను. ఒక ఎంజైమ్ 79 కోస్తే రెండోది 21 కోస్తుంది, ఇందులో చూడటానికేముంది అని.

ఇప్పటికి: జెల్లు 9, రోజులు 27.

దశ 4: 600 దగ్గర దెయ్యం (5, 6 వారాలు)

అగరోజ్ మీద 250, 180 బ్యాండ్లు కాస్త మసకగా ఉన్నాయని 6 శాతం పాలీఅక్రిలమైడ్ జెల్‌కి మారాను. (జెల్‌గా గట్టిపడకముందు అక్రిలమైడ్ నరాలకి విషం. గ్లవ్స్ మర్చిపోవద్దు.) అక్కడ కొత్త బ్యాండ్ కనిపించింది. 600కి కాస్త కింద, ఎస్ఐఆర్ఎన్ఏ ఇచ్చిన లేన్‌లో స్పష్టంగా, ఇవ్వనిదాంట్లో పలచగా.

430కి 167 కలిపితే 597. అంటే రెండు ఎక్సాన్లూ ఎక్కిన ఎంఆర్ఎన్ఏ! కాపలాదారుని తీసేస్తే ఇద్దరూ బెర్త్ మీద కూర్చున్నారన్నమాట. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

లెక్క కూడా కుదిరినట్టే అనిపించింది. 167ని మూడుతో భాగిస్తే 2 మిగులుతుంది. రెండూ చేరితే 334, మూడుతో భాగిస్తే 1 మిగులుతుంది. అంటే 11వ ఎక్సాన్ నుంచి చదివే వరుస జరిగిపోతుంది. అలాంటివాటిని కణం సాధారణంగా బతకనివ్వదు, అందుకే పలచగా ఉందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తప్పుడు అభిప్రాయానికి కారణాలు వెతకడం ఎంత సులభమో!

మా సీనియర్ అక్కది నెల్లూరు. జెల్ చూసి, "ఏంది తమ్ముడూ, అగరోజ్‌లో లేనిది ఇందులో ఎట్టొచ్చింది? పొడుగైతే అందులోనూ పైనే ఉండాలి గదా," అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అక్క చెప్పినట్టు చేశాను.

1. 600 దగ్గరి బ్యాండ్‌ని బ్లేడుతో కోసి, నీళ్లలో రాత్రంతా నానబెట్టాను.
2. ఆ నీళ్లతో మళ్లీ పీసీఆర్ చేశాను.
3. అదే జెల్ మీద నడిపాను.

597 రాలేదు. 430 వచ్చింది, దాని పైన మళ్లీ అదే దెయ్యం. సీక్వెన్సింగ్‌కి పంపితే 8వ ఎక్సాన్ చివరిదాకా శుభ్రంగా చదివింది, ఆ తర్వాత గ్రాఫ్‌లో శిఖరాల మీద శిఖరాలు. "ఒకటి గాదు తమ్ముడూ, ఇద్దరు ఒకేసారి చదవతా ఉండారు," అంది అక్క.

జరిగింది ఇది. పీసీఆర్ చివరి సైకిళ్లలో ప్రైమర్లు అయిపోవస్తాయి, తయారైన డీఎన్ఏ మాత్రం కుప్పగా ఉంటుంది. వేడి చేసి చల్లార్చినప్పుడు పీకేఎం1 పోగు తన జోడీ కోసం చూడకుండా దగ్గర్లో ఉన్న పీకేఎం2 పోగుతో అంటుకుంటుంది. రెండు చివర్లూ కలుస్తాయి, నడుమ 167 బేస్‌ల చోట సరిగా కలవక ఉబ్బుతుంది. దీన్నే హెటెరోడ్యూప్లెక్స్ అంటారు. పొడుగు అదే 430, కానీ పొట్ట ఉబ్బిన మనిషి రద్దీ బస్సులో నడిచినట్టు పాలీఅక్రిలమైడ్‌లో నెమ్మదిగా నడుస్తుంది. అగరోజ్ రంధ్రాలు పెద్దవి కాబట్టి అక్కడ మామూలు 430తోనే కలిసిపోతుంది. పీఎస్టీ-1కి కొయ్యడానికి రెండు పోగుల్లోనూ తన చోటు కావాలి. ఇందులో ఒక పోగులోనే ఉంటుంది. ఎంజైమ్ ఎంత వేసినా, ఎన్ని గంటలు ఉంచినా తెగదు. రాత్రంతా ఉంచినా 21 కదలకపోవడానికి కారణం ఇదే.

చిత్రమేమిటంటే స్ప్లైసింగ్‌ని కనుక్కున్నది కూడా ఇలా సరిగా కలవని పోగుల్ని చూసే. 1977లో అడినోవైరస్ ఎంఆర్ఎన్ఏని దాని డీఎన్ఏతో జత చేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే, జత దొరకని డీఎన్ఏ భాగాలు ఉచ్చులుగా బయటికి వచ్చాయి. ఆ ఉచ్చులే ఇంట్రాన్లు. ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌లకి 1993లో నోబెల్ తెచ్చిన ఉబ్బు నాకు మాత్రం మీటింగ్‌లో తల దించుకునే పని తెచ్చింది.

ఎన్‌కో-1 వచ్చింది. అదే శాంపిల్, 35 సైకిళ్లు:

- పీఎస్టీ-1 కోసింది: 79
- ఎన్‌కో-1 కోసింది: 2
- రెండూ కలిపి వేసినా తెగనిది: 19

సార్ అడిగిన రోజే చూసి ఉంటే ఆ 2 కళ్లముందే ఉండేది.

ఈ మూడు అంకెల నుంచే అసలు వాటా వస్తుంది. హెటెరోడ్యూప్లెక్స్‌లో సగం పీకేఎం1, సగం పీకేఎం2. కాబట్టి పీకేఎం1 = 2 + 9.5 = 11.5. పోగులు పూర్తిగా కలగాపులగంగా జత కడితే ఎంత రావాలో కూడా లెక్కేశాను. పీకేఎం1 వాటా 0.11 అయితే జతకానివి 2 × 0.11 × 0.89, అంటే 19.6 శాతం. నా ట్యూబులో దాదాపు అంతే ఉంది. 35 సైకిళ్లలో ఎవరికి ఎవరు జోడీ అన్నది లాటరీ అయిపోయింది.

ఇప్పటికి: జెల్లు 17, రోజులు 42, వెనక్కి తీసుకున్న అంకెలు 1.

దశ 5: తెలిసిన మిశ్రమాలు (7, 8 వారాలు)

ఇది మొదటి వారంలో చేయాల్సిన పని. పీకేఎం1 ముక్క ఒక ప్లాస్మిడ్‌లో, పీకేఎం2 ముక్క ఇంకో ప్లాస్మిడ్‌లో క్లోన్ చేసి, సీక్వెన్స్ చూసుకుని, గాఢతలు సమం చేసి, 0, 5, 10, 20, 50, 100 శాతం మిశ్రమాలు చేశాను. జవాబు నాకు ముందే తెలిసిన ప్రశ్నలు అవి.

20 శాతం మిశ్రమం ఫలితం:

- 35 సైకిళ్లు: పీఎస్టీ-1 కోసింది 66, ఎన్‌కో-1 కోసింది 5, తెగనిది 29
- 30 సైకిళ్లు: 73, 13, 14
- 24 సైకిళ్లు: 79, 18, 3

పీఎస్టీ-1 ఒక్కదాన్నే నమ్మితే 35 దగ్గర 34 శాతం అని చెప్పేవాణ్ని, ఉన్నది 20. తెగనిదాన్ని సగం చేసి ఎన్‌కో-1 అంకెకి కలిపితే మూడుసార్లూ 19.5, 20, 19.5.

22 సైకిళ్ల దగ్గర ఇథిడియం బ్రోమైడ్‌తో బ్యాండ్ కనబడలేదు. సైబర్ గోల్డ్‌కి మారితే 24 దగ్గర హాయిగా కొలవగలిగాను. ఇప్పుడు నా పద్ధతి:

1. 24 సైకిళ్లు. బ్యాండ్ పలచగా ఉండాలి. లావుగా ఉంటే సైకిళ్లు తగ్గించాలి.
2. ఎక్కువ సైకిళ్లు తప్పనప్పుడు, పీసీఆర్‌ని కొత్త మిక్స్‌లో పదో వంతుకి పలచన చేసి ఇంకో 3 సైకిళ్లు. కొత్త ప్రైమర్లు పుష్కలంగా ఉంటాయి కాబట్టి ప్రతి పోగుకీ కొత్త జోడీ తయారవుతుంది. దెయ్యం పోతుంది. చేసి చూశాను, 29 కాస్తా 4కి దిగింది.
3. ఒక్కో శాంపిల్‌కి నాలుగు లేన్లు: కోత లేనిది, పీఎస్టీ-1, ఎన్‌కో-1, రెండూ.
4. పీఎస్టీ-1 లేన్‌లో 250, 180 బ్యాండ్ల వెలుగు నిష్పత్తి చూడాలి. రంగు డీఎన్ఏ పొడుగుని బట్టి అంటుతుంది, కాబట్టి 1.39 దగ్గర ఉండాలి. నాకు ఒకసారి 1.9 వచ్చింది. 180 బ్యాండ్ మీద లోడింగ్ డై కూర్చుని వెలుగుని మింగేసింది. డై మార్చాను.
5. ప్రతి జెల్‌లో 20 శాతం మిశ్రమం ఒక లేన్. అది 18 నుంచి 22 మధ్య లేకపోతే ఆ జెల్ లెక్కలోకి రాదు.

ఇప్పటికి: జెల్లు 29, వాటిలో లెక్కలోకి వచ్చినవి 8.

దశ 6: తమ్ముడు కుర్చీలోకి (9, 10 వారాలు)

24 సైకిళ్లతో మళ్లీ చేశాను. ఎస్ఐఆర్ఎన్ఏ ఇవ్వని కణాలు 4 శాతం, ఇచ్చినవి 11.5. వెస్టర్న్‌లో (యాంటీబాడీతో ప్రోటీన్ చూసే పరీక్ష) పీటీబీపీ1 ఐదో వంతుకి పడిపోయింది, అయినా పీకేఎం1 అంతకన్నా కదల్లేదు. 21 చెప్పిన నోటితో 11.5 చెప్పడం కష్టంగానే ఉంది. సార్ ఏమీ అనలేదు. "ఇప్పుడు దీన్ని నమ్మొచ్చా?" అన్నారు. ఆరు మిశ్రమాల గ్రాఫ్ చూపించాను.

పెరుగుదల తక్కువ ఉండటానికి ఒక కారణం పుస్తకాల్లోనే ఉంది, అదీ స్ప్లైసింగే. పీటీబీపీ1కి పీటీబీపీ2 అని దగ్గరి చుట్టం ఉంది. మామూలుగా పీటీబీపీ1 ఆ చుట్టం ఆర్ఎన్ఏలోంచి 10వ ఎక్సాన్‌ని తీయించేస్తుంది. ఆ ఎక్సాన్ 34 బేస్‌లు, మూడుతో భాగం పోదు. చదివే వరుస చెడి ఆ ఎంఆర్ఎన్ఏ నాశనమవుతుంది. నేను పీటీబీపీ1ని తీసేసరికి ఆ ఎక్సాన్ లోపలికి వచ్చి, పీటీబీపీ2 ప్రోటీన్ తయారై, అన్న లేచిన కుర్చీలో తమ్ముడు కూర్చున్నాడు. పని చాలావరకు అదే.

ఈ 34 బేస్‌ల తేడా జెల్ మీద నేరుగా కనిపిస్తుంది, కోత అక్కర్లేదు. చూశాను. ఎస్ఐఆర్ఎన్ఏ ఇచ్చిన కణాల్లో పొడుగు బ్యాండ్ బలంగా ఉంది. (దీనికీ 24 సైకిళ్లే. పొడుగు, పొట్టి కలిసి ఇక్కడా దెయ్యాన్ని పుట్టించగలవు.)

ఇద్దరికీ కలిపి ఎస్ఐఆర్ఎన్ఏ ఇస్తే, 72 గంటలకి పీకేఎం1 శాతం:

- ఏమీ ఇవ్వనివి: 4
- పీటీబీపీ1 ఒక్కటే: 11.5
- పీటీబీపీ2 ఒక్కటే: 4
- రెండూ: 19

మొదటిసారి రెండూ ఇచ్చినప్పుడు సగం కణాలు చచ్చి తేలాయి. ఎస్ఐఆర్ఎన్ఏ మొత్తం రెట్టింపు అయిందని, ఎక్కించే లిపిడ్ కూడా రెట్టింపు చేశాను, అది విషమైంది. తర్వాత అన్ని వెల్స్‌లోనూ మొత్తం ఎస్ఐఆర్ఎన్ఏ ఒకే లెక్క ఉండేలా, తక్కువైన చోట కంట్రోల్ ఎస్ఐఆర్ఎన్ఏతో నింపాను, లిపిడ్ ఒకటే కొలత. ఉగాదికి ఇంటికెళ్లి మూడు రోజులు రాకపోవడంతో ఇంకో సెట్‌లో కణాలు మరీ కిక్కిరిసిపోయాయి. ఆ సెట్ పారేశాను. బొబ్బట్లు మాత్రం ల్యాబ్ అంతా తిన్నారు.

ఇప్పటికి: జెల్లు 38, రోజులు 70, పారేసిన కల్చర్లు 2.

దశ 7: ప్రోటీన్ (11వ వారం, సాగుతోంది)

ఎంఆర్ఎన్ఏలో 19 శాతం ఉంటే ప్రోటీన్‌లో ఎంత? ఇక్కడ సైజుతో పని జరగదు, రెండూ 58 కిలోడాల్టన్ల దగ్గరే నడుస్తాయి. ఆ 22 తేడాల్ని గుర్తుపట్టే వేర్వేరు యాంటీబాడీలు కావాలి. వాటిని వాడే ముందు ఈసారి బుద్ధిగా కండరం లైసేట్ ఒకటి పక్కన నడిపాను. పీకేఎం1 యాంటీబాడీ అక్కడ గట్టిగా వెలిగింది, మామూలు హీలాలో దాదాపు ఏమీ లేదు. నమ్మొచ్చు.

72 గంటల దగ్గర పీకేఎం1 పెరిగింది. పీకేఎం2 మాత్రం తగ్గినట్టు కొలతకి దొరకలేదు. కొత్తగా వచ్చే ఎంఆర్ఎన్ఏ మారినా, అంతకుముందే తయారై ఉన్న ప్రోటీన్ అంత త్వరగా పోదు కదా. రెండు వేర్వేరు యాంటీబాడీల వెలుగుని పక్కపక్కన పెట్టి శాతం చెప్పడం కూడా కుదరదు, ఒక్కోదాని పట్టు ఒక్కో రకం. ప్రతి ప్రోటీన్‌ని దాని పాత విలువతోనే పోల్చుతున్నాను. శుద్ధి చేసిన పీకేఎం1, పీకేఎం2 ప్రోటీన్లు దొరికితే మిశ్రమాల గ్రాఫ్ ఇక్కడా గీస్తాను.

96, 120 గంటల సెట్ నిన్న ఎత్తాను. ఎనిమిది ట్యూబులు ట్రైజాల్‌లో, మైనస్ 80లో ఉన్నాయి. మూతల మీద మార్కర్ రాతలు లేవు. పెన్సిల్‌తో రాసిన స్టిక్కర్లు, వాటి మీద టేపు.